తోడు ఎవరింటిది?

కడపలో మే నెల పెరుగు సంగతి ఇల్లు నడిపేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రి తోడేస్తే తెల్లారేసరికి పులుపెక్కి కూర్చుంటుంది. అందుకే ఎండాకాలం వస్తే మా అమ్మ తోడు తగ్గించేది. చెంచాడు వేసేచోట రెండు చుక్కలు వేసి, గిన్నెను తడి ఇసుకలో పెట్టేది. ఎప్పుడైనా తోడు అయిపోతే నన్ను పక్కింటికి పంపేది గానీ ప్రతి ఇంటికీ పంపేది కాదు. ఫలానా వాళ్లింటి తోడు జిగురొస్తుంది, ఫలానా వాళ్లది నీళ్లు విరుగుతుంది, మూల ఇంటి అవ్వ దగ్గరైతే కమ్మగా ఉంటుంది. వీధి మొత్తం తోడు చరిత్ర ఆమెకు నోటి మీద ఉండేది.

ఆ లెక్క నాకు మళ్లీ గుర్తొచ్చింది కిందటి ఎండాకాలం, కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఒక ఇథనాల్ ఫ్యాక్టరీ ల్యాబులో. మధ్యాహ్నం మూడు గంటలు. బయట రేకుల మీద ఎండ చిటచిటలాడుతోంది. కుర్ర కెమిస్టు ఫర్మెంటర్‌లోంచి తెచ్చిన చుక్కను గాజు పలక మీద వేసి, మిథిలీన్ బ్లూ కలిపి, మైక్రోస్కోపు నా వైపు తిప్పాడు. గుండ్రటి సగ్గుబియ్యం గింజల్లాంటి కణాలు. కొన్ని తెల్లగా, కొన్ని నీలంగా ఉన్నాయి.

"నీలంగా ఉండేటివి చచ్చినట్టు సార్. బతికిన ఈస్టు రంగును లోపల నిలవనీదు. పొద్దున పదింటిలో ఒకటి నీలం. ఇప్పుడు చూడండి, మూడు."

"ఎందుకు?"

"మధ్యాహ్నం కరెంటు పోయింది సార్. కూలింగ్ నీళ్లు ఆగినాయి. ట్యాంకు 37కు పోయింది."

పక్కన బల్ల మీద ఈస్టు ప్యాకెట్లు. గాలి తీసి బిగించిన ప్యాకెట్టు ఇటుకంత గట్టిగా ఉంటుంది. కత్తెర పెట్టగానే ఉస్సుమని గాలి పీల్చుకుని, లోపలిదంతా బొంబాయి రవ్వలా జారిపోతుంది. ఇది ఎక్కడి ఈస్టని అడిగాను. ప్యాకెట్టు తిప్పి కంపెనీ పేరు చదివాడు. అది కాదు, మొదట ఈ ఈస్టు ఏ ఊళ్లో, ఏ తొట్టిలో దొరికిందని అడిగాను. అతను నవ్వాడు. "అది ఎవరు రాస్తారు సార్?"

బ్రెజిల్‌లో రాస్తారు. అక్కడ ఈస్టు పేరులోనే ఊరు ఉంటుంది, మిల్లు ఉంటుంది. ఈ వ్యాసం ఆ పేర్ల గురించే.

ముందు ఈస్టు చేసే పని రెండు ముక్కల్లో. చక్కెరను తిని ఇథనాల్‌గా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. నూరు కిలోల గ్లూకోజుకు లెక్క ప్రకారం 51 కిలోల ఇథనాల్ రావాలి. ఈస్టు తన ఒంటికి, గ్లిజరాల్‌కు కొంత వాడుకోగా, బాగా నడిచే ఫ్యాక్టరీకి అందులో 90 శాతం పైచిలుకు చేతికొస్తుంది. ఈ పనిలో వేడి పుడుతుంది. లీటరు ద్రవంలో 150 గ్రాముల చక్కెర పులిస్తే, చల్లార్చే ఏర్పాటు లేకపోతే, ద్రవం దాదాపు 20 డిగ్రీలు వేడెక్కుతుంది. 32 దగ్గర మొదలైంది 52కు చేరాలన్నమాట. అంతవరకు పోకుండానే ఈస్టు ప్రాణం విడుస్తుంది. మామూలు ఈస్టుకు 32, 33 హాయి. 36 దాటితే, అప్పటికే తొట్టిలో ఆల్కహాలు పేరుకుని ఉంటే, వేడీ ఆల్కహాలూ కలిసి దాన్ని కుంగదీస్తాయి. పైగా 37, 38 అంటే లాక్టిక్ బ్యాక్టీరియాకు పండగ. మే నెల పెరుగును పులియబెట్టేది ఆ జాతే. అది తినే ప్రతి గ్రాము చక్కెరా ఇథనాల్ లెక్కలోంచి పోయినట్టే.

ఇప్పుడు బ్రెజిల్. 1973లో చమురు ధర మండిపోయాక, 1975 నవంబరులో వాళ్లు ప్రోఆల్కూల్ అనే పథకం మొదలుపెట్టారు. చెరకు రసంతో, మొలాసిస్‌తో ఇంధన ఇథనాల్. ఇవాళ అక్కడి పెట్రోలులో 30 శాతం ఇథనాల్. 2025 ఆగస్టు నుంచి అది నియమం. వాళ్ల ఫర్మెంటేషన్ పద్ధతి మన పెరుగు పద్ధతే. ఒక విడత పులియగానే ద్రవాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పి ఈస్టును మీగడలా వేరుచేస్తారు. ఆ మీగడలో నీళ్లు కలిపి, సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసి, పీహెచ్ 2 నుంచి 2.5 దాకా దించి, గంటా రెండు గంటలు ఉంచుతారు. చాలా బ్యాక్టీరియా ఆ పులుపుకు తట్టుకోలేదు, ఈస్టు తట్టుకుంటుంది. ఆ స్నానం అయ్యాక అదే ఈస్టు మళ్లీ తొట్టిలోకి. తొట్టిలో పదో వంతుకు మించి ఈస్టే ఉంటుంది కాబట్టి ఒక విడత 6 నుంచి 12 గంటల్లో ముగుస్తుంది. రోజుకు రెండు విడతలు, సీజను 200 రోజుల పైన. అంటే ఏప్రిల్లో వేసిన తోడు నవంబరుదాకా నాలుగు వందల సార్లు తిరిగి తొట్టిలోకి వస్తుంది.

వాళ్లు కూడా మొదట్లో బేకరీ ఈస్టే వేసేవాళ్లు. టన్నుల లెక్కన కొని, సీజను మొదట్లో తొట్టిలో పోసి, అదే ఆఖరుదాకా పనిచేస్తోందని నమ్మేవాళ్లు. 1990ల మొదట్లో పిరాసికాబా అనే ఊళ్లో పరిశోధకులు ఈస్టు క్రోమోజోములను జెల్ మీద పరిచి చూడడం మొదలుపెట్టారు. మనిషికి వేలిముద్ర ఎలాగో, ఈస్టుకు ఆ గీతల వరస అలాంటిది. సావో పాలో విశ్వవిద్యాలయపు వ్యవసాయ కళాశాల ఆ ఊళ్లోనే ఉంది. మిల్లులకు సలహాలిచ్చే ఫెర్మెంటెక్ సంస్థా అక్కడిదే. తొట్ల నుంచి నమూనాలు తెప్పించి చూస్తే తేలింది ఇది: డబ్బు పెట్టి కొన్న బేకరీ ఈస్టు కొన్ని వారాల్లోనే తొట్టిలో అడ్రసు లేకుండా పోతోంది. చెరకుతో పాటు పొలం నుంచి వచ్చిన ఊరూపేరూ లేని ఈస్టులు దాన్ని తోసేసి కూర్చుంటున్నాయి. ఏళ్ల తరబడి ఇథనాల్ తీస్తున్నది పిలవని పేరంటాళ్లే.

నేను అక్కడ మిల్లు యజమానినైతే ఏం చేసేవాణ్ణి? తొట్టిని బాగా కడగమని కేకలేసి, ఇంకాస్త ఖరీదైన ప్యాకెట్టు తెప్పించేవాణ్ణి. వాళ్లు ఆ పిలవని వాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుని పరీక్షించారు. చాలా వరకు పనికిమాలినవే. కొన్ని విపరీతంగా నురగ కక్కుతాయి, కొన్ని ఉండకట్టి అడుగుకు దిగుతాయి, కొన్ని చక్కెరను సగంలో వదిలేస్తాయి. అయితే అరుదుగా ఒకటీ అరా సీజను పొడుగునా తొట్టిని ఏలి, నురగ లేకుండా, చక్కెర మిగల్చకుండా పనిచేస్తాయి. పెద్ర మిల్లు తొట్టిలో దొరికినది పీఈ-2. కతాండువా మిల్లుది క్యాట్-1. బార్రా గ్రాంజి మిల్లుది బీజీ-1. శాంతా అడేలియా మిల్లుది ఎస్ఏ-1. వీటిని పెంచి, ఎండబెట్టి, పక్క మిల్లులకు తోడుగా ఇచ్చారు. పీఈ-2, క్యాట్-1 ఇప్పుడు ఆ దేశంలో అందరికీ తెలిసిన పేర్లు. పీఈ-2 సంతతికి చెందిన ఒక ఈస్టు జన్యుక్రమాన్ని 2009లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం, బ్రెజిల్ శాస్త్రజ్ఞులు కలిసి చదివారు. అదే ఏడు వచ్చిన ఇంకో పరిశోధన ప్రకారం ఈ మిల్లు ఈస్టుల్లో బి1, బి6 విటమిన్లు తయారుచేసుకునే జన్యువులకు అదనపు నకళ్లు ఉన్నాయి. చక్కెర దట్టంగా ఉన్నచోట తొందరగా పెరగడానికి అవి పనికొస్తాయి. ఎవరూ వాటిని కూర్చలేదు. తొట్టిలో పడి పడి, రాటుదేలి వచ్చిన గుణం.

మన కల్లుగీత కార్మికుణ్ణి అడిగితే ఇందులో సగం వింతేమీ లేదంటాడు. ఈతచెట్టుకు కట్టే కుండను అతను తళతళలాడేలా తోమడు. అడుగున మిగిలిన మడ్డే రేపటి కల్లుకు తోడు. నీరా తీపిగా నిలవాలంటే మాత్రం లోపల సున్నం పూస్తాడు. బ్రెజిల్ వాడు పులుపుతో చేసే వడపోత, మనవాడు సున్నంతో ఆపుచేయడం. రెండూ ఈస్టు మర్మం తెలిసిన చేతులే. తేడా అంతా తర్వాత ఏం జరిగిందన్నదే. అక్కడ మిల్లు తొట్టికీ కళాశాల ప్రయోగశాలకూ మధ్య ఒక దారి పడింది. మన కుండకూ మన ప్రయోగశాలకూ మధ్య పడలేదు.

అమెరికా కథ వేరు, త్వరగా ముగిస్తాను. వాళ్లది మొక్కజొన్న. ఈస్టును ఒకసారే వాడతారు. పని కాగానే అది పిప్పితో కలిసి పశువుల దాణాలోకి పోతుంది. ఒక విడతకు 50 గంటల పైమాటే. కాకపోతే ఆల్కహాలు 15 శాతం, ఇంకా పైకి కూడా తీస్తారు. అక్కడ ఈస్టు ఊరి సరుకు కాదు, కంపెనీ సరుకు. ఫ్రాన్స్‌కు చెందిన లెసాఫ్ర్ వారి ఇథనాల్ రెడ్ లాంటి బ్రాండ్లున్నాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమును ఈస్టే తయారుచేసుకునేలా జన్యువు మార్చిన ట్రాన్స్‌ఫెర్మ్ 2012లో మార్కెట్లోకి వచ్చింది. ఎంజైము ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఫ్యాక్టరీలు ఎగబడ్డాయి. మన దగ్గర అలాంటిది వాడాలంటే 1989 నాటి జన్యుమార్పిడి నియమాల గడప దాటాలి.

రాయలసీమ ఏ దారిలో ఉంది? చెన్నూరు చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. చెరకూ మొలాసిస్ కథ మనకు సన్నగిల్లింది. ఇప్పుడు దేశమంతటా ఇథనాల్‌కు ఊపు తెచ్చింది మొక్కజొన్న, నూకలు. 2013-14లో దేశం పెట్రోలులో కలిపిన ఇథనాల్ ఒకటిన్నర శాతం. 2022 జూన్‌కు 10 అయింది, 2025లో 20కి చేరింది. నంద్యాల, కర్నూలు వైపు మొక్కజొన్న బాగానే పండుతుంది. అందువల్ల మన తొట్టి అమెరికా తొట్టికి చుట్టం. ధాన్యపు పిండి కలిసిన చిక్కటి ద్రవంలోంచి ఈస్టును బ్రెజిల్‌లాగా మీగడ తీయడం కుదరదు. తౌడూ పిప్పీ అన్నీ కలిసి వస్తాయి. కాబట్టి బ్రెజిల్ యంత్రాన్ని ఇక్కడ దించుకుందామనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అయితే పద్ధతి అమెరికాది అయినంత మాత్రాన ఎండ కూడా అయోవాది కాదు గదా. అక్కడి చల్లటి నీళ్లకు సరిపోయిన ఈస్టును తెచ్చి, నంద్యాల ఎండలో బతికించడానికి మనం కష్టపడుతున్నాం.

మన వాళ్లు ఏమీ చేయలేదనడం మాత్రం అన్యాయం. 1992లో ఉత్తర ఐర్లాండులోని అల్‌స్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 52 డిగ్రీల దాకా పెరిగే, 45 దగ్గర కూడా ఇథనాల్ తీసే ఈస్టులను ప్రకటించారు. అవి క్లూయివెరోమైసిస్ మార్క్సియానస్ అనే జాతివి. దొరికింది ఎక్కడంటే ఒక భారతీయ డిస్టిలరీ ఆవరణలో! మన డిస్టిలరీలో పుట్టిన ఈస్టు పేరు పెట్టించుకోవడానికి ఐర్లాండు పోవలసి వచ్చింది. అయితే ఈ జాతికి వేడంటే లెక్కలేదు గానీ ఆల్కహాలు ఎక్కువైతే తట్టుకోలేదు. థాయిలాండులో కాసెట్‌సార్ట్ విశ్వవిద్యాలయం కూడా ఇదే జాతిలో తమ నేల నుంచి ఒకదాన్ని పట్టి, 2007లో చెరకు రసం మీద 40 డిగ్రీల వద్ద పనిచేయించి చూపింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం మైక్రోబయాలజీ వాళ్లు ఇంకా తెలివిగా వెతికారు. వేడిని తట్టుకునే ఈస్టు కావాలంటే వేడి ఉన్నచోటే వెతకాలి కదా అని కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లోని వేడి ప్రాంతాల మట్టి తెచ్చారు. అందులో నాలుగు ఈస్టులు దొరికాయి: వీఎస్1, వీఎస్2, వీఎస్3, వీఎస్4. మామూలు డిస్టిలరీ ఈస్టు జాతే, శాకరోమైసిస్ సెరివిసియే. కానీ 40 డిగ్రీలు దాటినా పనిచేస్తాయి, చక్కెర దట్టంగా ఉన్నా వెనకాడవు. ఆ పరిశోధనాపత్రం 2000లో బయోరిసోర్స్ టెక్నాలజీ పత్రికలో వచ్చింది. అంతకు ముందు ఏడు అదే బృందం చెడిపోయిన జొన్నలు, బియ్యంతో ఇథనాల్ తీయడం మీద రాసింది. వానకు తడిసి నల్లబడిన జొన్న కుప్పను చూసి తల పట్టుకున్న రైతులున్న నేల మనది. ఇంతకన్నా దగ్గరి విషయం ఏముంటుంది?

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎల్.వి.ఎ. రెడ్డి, ఒ.వి.ఎస్. రెడ్డి చేసిన పని నాకు మరీ ఇష్టం. చక్కెర బాగా దట్టంగా ఉన్న ద్రావణంలో ఈస్టుకు ఊపిరాడదు, ఆసరా కావాలి. ఫ్యాక్టరీలో అయితే యూరియా వేస్తారు. వాళ్లు ఉలవపిండి వేసి చూశారు, 2005లో. మరుసటి ఏడు రాగిపిండి. రెండూ ఇథనాల్‌ను పెంచాయి. రాగిపిండితో పని త్వరగా కూడా అయింది. ఎద్దుకు ఉలవలు, మనిషికి రాగిసంగటి పెట్టే సీమ నుంచి ఈస్టుకు కూడా అదే మేత! సంగటి బలం తెలిసినవాళ్లకే ఆ ఆలోచన వస్తుందని నాకో అనుమానం.

మరి ఈ వీఎస్3లు, ఉలవపిండీ ఎందుకు కర్నూలు, కడప ఫ్యాక్టరీల్లో వినపడవు? కెమిస్టును అడిగాను. వీఎస్3 పేరు అతను వినలేదు. తప్పు అతనిది కాదు. ప్రయోగశాలలో సీసాడు ద్రవం మీద గెలిచిన ఈస్టు, రెండు లక్షల లీటర్ల తొట్టిలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, బ్యాక్టీరియా చుట్టుముట్టినప్పుడు ఎలా నడుస్తుందో ఎవరో ఒకరు నష్టానికి ఓర్చి చూడాలి. బ్రెజిల్‌లో ఆ నష్టాన్ని ఎంతోమంది మిల్లులవాళ్లు పంచుకున్నారు. నమూనాలు పంపారు, ఫలితాలు పోల్చుకున్నారు, పోటీ మిల్లు ఈస్టును కూడా తమ తొట్టిలో వేసుకోవడానికి నామోషీ పడలేదు. మన దగ్గర ఫ్యాక్టరీ లాగ్‌బుక్కు ఫ్యాక్టరీ గేటు దాటదు. పరిశోధన పత్రం లైబ్రరీ గేటు దాటదు.

ఎండ గురించి ఇంకో మాట. సీమ ఎండ ఇథనాల్‌కు శాపమని నేనూ అనుకునేవాణ్ణి. లెక్క వేస్తే అంత సూటిగా లేదు. కూలింగ్ టవరంటే పెద్ద మట్టికుండే; నీరు ఆవిరైతే మిగిలింది చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే కుండ బాగా పనిచేస్తుంది. కర్నూలులో 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 24 దగ్గర నిలుస్తుంది. విశాఖలో 35 డిగ్రీలే అయినా తేమ 70 శాతం ఉంటే అది 30 దాటుతుంది. కూలింగ్ టవరు విషయంలో మే నెల కర్నూలు విశాఖ కన్నా మెరుగు! చిక్కల్లా నీటి దగ్గరే. లీటరు ఇథనాల్‌కు ఫర్మెంటర్ వేడి ఒక్కటి పోగొట్టడానికే సుమారు 400 మిల్లీలీటర్ల నీరు ఆవిరి కావాలి. రోజుకు లక్ష లీటర్ల ఫ్యాక్టరీకి 40 వేల లీటర్లు, అంటే నాలుగు పెద్ద ట్యాంకర్లు గాలిలో కలిసినట్టు. డిస్టిలేషన్ దగ్గర పోయేది ఇది కాక. తుంగభద్ర అవతల, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని తిరగబడ్డారు. నీళ్ల మాట వచ్చినప్పుడు ఈ ప్రాంతం వాళ్లను నమ్మించడం తేలిక కాదు, కాకూడదు కూడా. ఈస్టు 38 దగ్గర తొణకకుండా పనిచేసినంత మాత్రాన పుట్టే వేడి తగ్గదు. కానీ మధ్యాహ్నం కరెంటు పోయిన గంటసేపు కొంప మునగదు, నీళ్లను చల్లబరిచే చిల్లరుకు అయ్యే కరెంటు ఖర్చు తగ్గుతుంది.

తీపి జొన్న అనుభవం కూడా మరవకూడదు. 2007లో సంగారెడ్డి దగ్గర రుస్ని డిస్టిలరీ, ఇక్రిశాట్ అండతో, తీపి జొన్న దంటు రసంతో ఇథనాల్ మొదలుపెట్టింది. జొన్నకు పేరుబడ్డ నంద్యాల వాళ్లు కూడా అప్పట్లో ఆశగా చూశారు. అది నిలదొక్కుకోలేదు. కారణాలు చాలా ఉన్నా, దంటు కోసిన దగ్గర్నుంచీ మన ఎండలో రసం దానంతటదే పులిసిపోవడం పెద్ద తలనొప్పి. ఊళ్లోనే రసం పిండి, పాకం కాచి పంపుదామని మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఒక చిన్న కేంద్రం కూడా పెట్టి చూశారు. నాకు మాత్రం ఒక సందేహం ఉండిపోయింది. ఆ దంట్లలో మనకన్నా ముందే పులియబెట్టేసిన ఈస్టులు ఏవి? వాటిని ఎవరైనా పట్టి దాచారా?

దాచడం పెద్ద ఖర్చు కాదు. కెమిస్టు తన ఫర్మెంటర్ నుంచి నెలకో నమూనా తీసి గ్లిజరాల్‌లో వేసి, గడ్డకట్టించి పంపాలి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయానికి మైక్రోబయాలజీ విభాగం ఉంది. పుణేలోని ఎన్‌సీఐఎం, చండీగఢ్‌లోని ఎంటీసీసీ ఇలాంటి సూక్ష్మజీవులను భద్రపరిచే జాతీయ భాండాగారాలు. లాభం లెక్క కావాలంటే ఇదిగో: రోజుకు లక్ష లీటర్ల ఫ్యాక్టరీకి దిగుబడి ఒక్క శాతం పెరగడం అంటే వెయ్యి లీటర్లు. ఏడాదికి 330 రోజులు నడిస్తే 3.3 లక్షల లీటర్లు. మొక్కజొన్న ఇథనాల్ ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలు చొప్పున చూస్తే రెండు కోట్ల ముప్ఫై ఏడు లక్షలు. ఆ డబ్బులో చిల్లరతో ఒక కెమిస్టును నెలరోజులు పిరాసికాబా పంపి రప్పించవచ్చు. ఫ్యాక్టరీలన్నీ ఏడాదికొకసారి ఒకచోట కూర్చుని తమ తొట్ల సంగతులు బల్ల మీద పెట్టడానికైతే అది కూడా అక్కర్లేదు. కర్నూలులో ఒక హాలు, మధ్యాహ్నం భోజనం చాలు.

ఆ రోజు సాయంత్రం బయల్దేరే ముందు మూడో నంబరు ఫర్మెంటర్ ఖాళీ చేశారు. గోడల మీద ఎండిపోయిన నురగ, గోధుమరంగు పొర. కాస్టిక్‌తో కడగడానికి పైపు లాగుతున్నారు. కెమిస్టు ఒక్క నిమిషం ఆగమని చేయి ఎత్తి, మనిషి దూరే రంధ్రం దగ్గర వంగి, ఆ పొరను గాజు కడ్డీతో గీకి చిన్న సీసాలో వేసుకున్నాడు. స్కెచ్ పెన్నుతో రాశాడు: ఎఫ్-3, 37 డిగ్రీలు, మే. ల్యాబ్ ఫ్రిజ్‌లో ఎవరిదో మజ్జిగ సీసా పక్కన పెట్టాడు.

"బతికుంటాదా సార్?" అన్నాడు.

"ఇంత ఎండకు బతికినవే గదా ఆ గోడ మీద ఉండేది," అన్నాను.

"ఎవరికి పంపాల?"

ఫోన్ తీసి, యోగి వేమన విశ్వవిద్యాలయం చిరునామా చెప్పాను. సీసా మీద చోటు లేక, అరచేతి మీద రాసుకున్నాడు.